మూడో గ్లాసు

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది బుధవారం. ఇంకా తెల్లవారలేదు. కరెంటు వచ్చిన క్షణంలో గొల్లవలస పొలాల్లోని మోటార్లన్నీ ఒక్కసారి మూలిగాయి. ఆ వెంటనే పెద్ద చప్పుడు. గట్ల మీద కొంగలు లేచిపోయాయి. తర్వాత నూనె కాలిన వాసన, ఆపైన నిశ్శబ్దం. మొక్కజొన్న పూత మీద ఉంది. నీళ్ళు ఆగకూడని రోజులవి.

త్రినాథ్ అప్పుడు తమ ఇంటి అరుగు మీద లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద రైతులందరి పేర్లకీ ఎదురుగా 'ఆన్' అనే మాట ఒక్కసారే పచ్చగా వెలిగింది. అతను తృప్తిగా టీ గ్లాసు అందుకున్నాడు. చప్పుడు అప్పుడు వినిపించింది.

విశాఖలోని ఒక కంపెనీకి అతను ఊళ్ళో ఉండే పనిచేస్తాడు. మోటార్ల పని కంపెనీది కాదు, అతను తనంతట తాను పెట్టుకున్నది. ఒక్కో స్టార్టర్ పక్కన సిమ్ కార్డున్న చిన్న డబ్బా బిగించాడు. వేకువన కరెంటు రాగానే అతని ప్రోగ్రాం ఆ డబ్బాకి మెసేజ్ పంపుతుంది, డబ్బా మోటారు వేస్తుంది. రైతు చీకట్లో గట్టు మీద నడవక్కర్లేదు. ఆ పనికి ఉద్దేశం అదొక్కటే.

ఎండ ఎక్కేసరికి సుహాసిని వచ్చింది. ఊరి బడిలో లెక్కల టీచరు. చేతిలో గొడుగు, భుజాన సంచి. నవ్వు లేదు.

"ఏటి చేశారు మీరు?"

త్రినాథ్ లేచి నిలబడ్డాడు. "నమస్తే టీచరుగారూ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఫస్ట్ బెల్లు కొట్టేలోగా వెళ్ళాలి. అన్నీ ఒక్కసారే ఎందుకు వేశారు?"

"మీ నాన్నగారే అలా వెయ్యమన్నారు."

"మా నాన్న ప్రోగ్రామరా?"

"కాదు. ఊరి సంగతి తెలిసినవారు. ఒకడిది ముందూ ఇంకొకడిది వెనకా అయితే తగువులొస్తాయి, అందరిదీ ఒక్క క్షణంలో పడాలన్నారు. నాకూ న్యాయమే అనిపించింది. ముందు నాలుగు మోటార్లతో వేసి చూశాను, బాగానే ఉంది. ఇవాళే ఊరంతటివీ కలిపాను."

"నాలుగు చూసి ఊరంతా కలిపేశారు. మా ఆరో తరగతి పిల్లలు చేస్తారు ఈ తప్పు."

"మార్కులెన్ని?"

"సున్నా."

"స్టెప్పులకైనా ఇవ్వరా?"

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. కదిలినట్టు తెలిసి ఆపేసుకుంది.

"కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక డబ్బాలన్నీ పీకేస్తారట. ఎవరి మోటారు వాళ్ళే వెళ్ళి వేసుకుంటారట. మా నాన్న కూడా. మళ్ళీ చీకట్లో. ఆ గట్టు మీదే."

ఆ గట్టు త్రినాథ్‌కి తెలుసు. సుహాసిని అన్న పైడిరాజు, అతనూ విజయనగరంలో పాలిటెక్నిక్ కలిసి చదివారు. మొన్న ఆశ్వయుజంలో వేకువన మోటారు వెయ్యడానికి వెళ్ళిన పైడిరాజుని అక్కడే పాము కరిచింది. ప్రాణం దక్కలేదు. త్రినాథ్ డబ్బాలు బిగించడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

"పీకనివ్వను," అన్నాడు చివరికి.

"ఎలాగ?"

"ఇంకా తెలీదు."

ఆమె గొడుగు విప్పి, మళ్ళీ మూసింది. "రేపు మధ్యాహ్నం బడికి రండి. పిల్లలు అన్నాలు తిన్నాక నీళ్ళ దగ్గరికి వస్తారు. చూద్దురుగాని."

"దేనికి?"

"వస్తే తెలుస్తాది," అని వెళ్ళిపోయింది.

*

మర్నాడు మబ్బు పట్టింది. ఊరంతా తలలెత్తి చూసింది. నాలుగు చినుకులు రాలి, దుమ్ము వాసన రేపి, పొరపాటున వచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ నాలుగు చినుకులూ త్రినాథ్ చొక్కా మీదే పడ్డట్టున్నాయి. బడి వరండాలోకి వచ్చేసరికి భుజాల మీద చుక్కలు.

"తడిసిపోయారే," అంది సుహాసిని.

"వానలో తడిస్తే మర్యాదగా ఉండేది. ఇది ఏదో చిలకరించినట్టుంది."

వరండా చివర స్టీలు డ్రమ్ము, దానికో కుళాయి. పక్క గోడకి మూడు మేకులు, మూడు మేకులకీ మూడు గ్లాసులు. భోజనాలు ముగించిన పిల్లలు బారుగా నిలబడ్డారు. ఒకరు మేకు మీంచి గ్లాసు తీసుకోవడం, పట్టుకోవడం, తాగడం, కడిగి మళ్ళీ మేకుకి తగిలించడం. తగిలించగానే వెనకున్నవాళ్ళు తీసుకోవడం.

"గ్లాసు దొరకనివాడు ఏం చేస్తున్నాడు?" అని అడిగింది.

"ముందువాడి జుట్టు పీకుతున్నాడు."

"పీకుతున్నాడు. కానీ ఆగుతున్నాడు. ఎందుకు?"

"మీ భయం."

"నేను లేనప్పుడు కూడా ఆగుతారు. గ్లాసు లేదు కాబట్టి ఆగుతారు. పోయినేడు పది గ్లాసులుండేవి. కుళాయి ఊడి చేతికొచ్చింది."

త్రినాథ్ గోడకి ఆనుకుని కాసేపు చూశాడు. "నా ప్రోగ్రాంలో ఒక్కో మోటారుకీ ఒక్కో థ్రెడ్ ఉంది టీచరుగారూ. థ్రెడ్ అంటే ఒక పని మీద పంపిన పిల్లాడనుకోండి. అందర్నీ కుళాయి మీదకి ఒకేసారి తోలేశాను."

"గ్లాసులు పెట్టలేదు."

"పెట్టాలని తెలుసు. కంపెనీ ప్రోగ్రాముల్లో రోజూ పెడతాను. ఒకేసారి ఇన్ని థ్రెడ్లే నడవాలి, మిగతావి ఆగాలి అని రాస్తాను. ఊరి దగ్గరికొచ్చేసరికి అందరూ మనవాళ్ళే కదా. ఎవర్నీ ఆపడానికి మనసొప్పలేదు."

ఆమె అతని వైపు తిరిగింది. మొదటిసారి కోపం లేకుండా చూసింది.

"ఆపడమంటే వద్దనడం కాదు. నీ వంతు ఉంది, కాస్త ఆగు అనడం. పిల్లలకి ఇదే రోజూ చెప్తాను. పెద్దవాళ్ళకి చెప్పాల్సొస్తుందనుకోలేదు."

"పెద్దవాడినేం కాదు. మీ అన్నయ్యకంటే రెణ్ణెల్లు చిన్న."

ఆమె వెళ్ళి కారుతున్న కుళాయి బిగించింది. బెల్లు కొట్టారు.

*

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ట్రాక్టరు మీద వచ్చింది. లైన్‌మేన్ కొండబాబు స్తంభం దిగి చేతులు తుడుచుకుంటూ తేల్చి చెప్పాడు. "ఇదిగో త్రినాథూ, దీని మీద ఒక్కపాలి మూడు మోటార్లు. నాలుగోది పడిందా, ఇది పోతాది, దీనెనక నా ఉజ్జోగం పోతాది."

రైతులు పాలకేంద్రం ముందు చేరారు. ఎవరిది ముందన్న దగ్గర గొంతులు లేచాయి. గణపతిరావు చేను అన్నిటికంటే చివర ఉంటుంది. అతనే అందరికంటే గట్టిగా అరిచాడు. "సివరాకరోడంటే నోకువేటి? నా సేనుకి నీరు రాపోతే ఎవులు ఇస్తారు?"

సుహాసినిని తోడు తీసుకుని పాల క్యానుకి వచ్చిన నాయనమ్మ దేముడమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని వింటోంది. చేతికర్రతో నేల మీద కొట్టింది.

"ఒరే గణపతీ, పెళ్ళి బంతిలో ఒక్కపాలే అందరూ కూకుంటార్రా? మొదటి బంతి లేసినాక రెండో బంతి. నువ్వు ఏ పెళ్ళిలోనైనా రెండో బంతిలో కూకున్నావు గాని తినకండా వచ్చినావేటి?"

జనం నవ్వారు. గణపతిరావు కూడా నవ్వాడు, నవ్వకూడదనుకుంటూనే.

"మూడు గంటల్లో ఒక్కొక్కరి వంతు అయిపోతుంది మావయ్యా," అన్నాడు త్రినాథ్. "ఒకరిది ఆగగానే ఆ చోటు తర్వాతవాళ్ళకి. కరెంటు పోయేలోగా అందరికీ అందుతుంది. అందకపోతే డబ్బాలు నేనే పీకేస్తాను."

సుహాసిని తండ్రి నారాయణమూర్తి అంతవరకూ ఏమీ అనలేదు. "నాలుగురోజులు సూద్దాం," అన్నాడు. అతని మాట మీద సభ లేచింది.

త్రినాథ్ లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుంటుంటే దేముడమ్మ పిలిచింది. "ఓలబ్బాయ్, ఇలగ రా. మా పైడిరాజు నిన్నేటని పిలిసేవాడు?"

"బావా అనేవాడు నాయనమ్మా."

"వాడు అందర్నీ బావా అనేవాడులే," అంది సుహాసిని గబగబా.

"కాదే. అందర్నీ ఒరే అనీవోడు. ఈడినొక్కడినే బావా అనీవోడు." ముసలమ్మ కర్ర అందుకుని లేచింది. "నానేటన్నాను? ఏటీ అన్నేదు."

సుహాసిని ఖాళీ క్యాను అందుకుని అవసరం కంటే వేగంగా నడిచింది.

*

ప్రోగ్రాం మారింది. మూడు చోట్లు, మూడే. చోటు దొరికిన థ్రెడ్ మోటారు వేయించి, వంతయ్యాక ఆపించి, చోటు తిరిగి ఇస్తుంది. మిగతావి ఆగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంది. కొండబాబు రోజూ వచ్చి దానికేసి చూసి, తల ఆడించి వెళ్తున్నాడు.

కానీ గణపతిరావు చేనుకి నీళ్ళు అందలేదు. మొదటిరోజు చివర కదా అని ఊరుకున్నాడు. రెండోరోజూ అందలేదు. ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుపోతున్నాయి. త్రినాథ్ రాసినదంతా రెండుసార్లు చదివాడు. లెక్క సరిగ్గానే ఉంది. కరెంటు పోయేలోగా అందరిదీ అయిపోవాలి. అవడం లేదు.

మూడోరోజు సాయంత్రం గణపతిరావు అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

"బాబూ, నీ మనసు మంచిదే. గాని నా సేను ఎండిపోతన్నాది. రేపు సీకటితో నానే ఎల్లి డబ్బా పీకీసి మోటారు ఏసుకుంటాను. నారాయణమూర్తి సేనుకీ నీరు రానేదు, తనూ వస్తానన్నాడు."

అతను వెళ్ళేటప్పుడు సుహాసిని ఎదురొచ్చింది. ఆ మాట విన్నది. అరుగు చివర కూర్చుంది. ఈసారి కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"పొద్దుటి నుంచి ఏం జరిగిందో మొత్తం చూపించండి," అంది.

అతను తెర ఆమె వైపు తిప్పి, పొద్దుటి నుంచి జరిగినది మెల్లగా మళ్ళీ నడిపించాడు. పేర్లు ఒకదాని వెనక ఒకటి పచ్చబడి, ఆరిపోతున్నాయి. ఆమె పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూసింది.

"మూడు గ్లాసులన్నారు కదా?"

"మూడే."

"రెండే తిరుగుతున్నాయి. ఎప్పుడు చూసినా పచ్చగా రెండే ఉన్నాయి."

త్రినాథ్ ముందుకు వంగాడు. నిజమే. మూడు దాటకూడదని కాపలా కాశాడు గాని, మూడుకి తగ్గుతుందని అనుకోలేదు.

"బళ్ళో కూడా అవుతాది ఇలాగ," అంది ఆమె. "ఎవరో గ్లాసు తీసుకుని, తాగకుండా, తిరిగివ్వకుండా ఎక్కడో కూర్చుంటారు. వెనకవాళ్ళకి తెలీదు. లైను నడవడం లేదని మాత్రం తెలుస్తుంది. ఎవరు పట్టుకుని కూర్చున్నారు?"

అతను వెతికాడు. దొరికింది. దొరికాక లాప్‌టాప్ మూత సగం దించాడు.

"చెప్పండి."

"తర్వాత చెప్తాను టీచరుగారూ."

"ఇప్పుడే చెప్పండి."

"పైడిరాజు."

వీధిలో మేకలు పోతున్నాయి. అవి దాటేవరకూ ఆమె అటే చూసింది.

మొదట బిగించిన డబ్బా వాళ్ళ చేలోదే. దానికి సిమ్ కావాలంటే నారాయణమూర్తి తన కొడుకు సిమ్మే ఇచ్చాడు. ఊరికే పడి ఉంది కదా, కొత్తది దేనికి అన్నాడు. ఆ నంబరునే త్రినాథ్ పైడిరాజు అన్న పేరుతోనే ప్రోగ్రాంలో రాసుకున్నాడు. వేరే పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

"ఆ డబ్బా మోటారు వేసినప్పుడల్లా ఇంట్లోవాళ్ళకి మెసేజ్ పెడుతుంది, మీకు తెలుసు," అంది సుహాసిని. "నా ఫోన్లో ఆ నంబరు అన్నయ్య అని ఉంది. వేకువన ఫోను మోగుతుంది. 'అన్నయ్య. మోటారు ఆన్ అయింది.' బళ్ళో బోర్డు మీద భిన్నాలు రాస్తుంటాను, మళ్ళీ మోగుతుంది. 'అన్నయ్య. మోటారు ఆఫ్ అయింది.' కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన సాయంత్రం చేలోకి వెళ్ళి సిమ్ తీసేశాను."

ఫోను వెనక కవరు విప్పి చూపించింది. చిన్న సిమ్, కాగితంలో చుట్టి ఉంది.

"గణపతిరావు మావయ్య చేను నావల్ల ఎండింది."

"కాదు," అన్నాడు త్రినాథ్. "ఆ థ్రెడ్ చోటు తీసుకుని మెసేజ్ పంపి, జవాబు కోసం ఆగింది. జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలో నేను రాయలేదు. అంటే ఎప్పటికీ ఆగమనే. ఎవరైనా మొదట రాయాల్సింది అదే."

"ఎందుకు రాయలేదు?"

"పైడిరాజు నంబరు కదా. జవాబు రాకపోవడమన్నది నాకు తట్టలేదు."

ఆమె తల దించుకుంది. అతను వేరేవైపు చూశాడు. ఆమె ఫోను కవరు మళ్ళీ బిగించి, మామూలుగా అడిగింది.

"ఎంతసేపని రాస్తారు ఇప్పుడు?"

"మీరే చెప్పండి."

ఆలోచించింది. "నేను మెసేజ్ పెడితే వాడు నిమిషం దాటనిచ్చేవాడు కాదు. ఏ పనిలో ఉన్నా సరే."

"నాకూ అంతే."

"అయితే నిమిషం."

అతను రాశాడు. నిమిషం ఆగు, రాకపోతే చోటు తిరిగి ఇవ్వు, వెనకవాళ్ళని పోనివ్వు. రాయడానికి చాలాసేపు పట్టలేదు.

"పేరు?" అని అడిగింది.

"పేరు ఉంటుంది. రేపు వేకువన ప్రోగ్రాం మళ్ళీ పిలుస్తుంది. నిమిషం ఆగుతుంది. తర్వాత మిగతావాళ్ళ పని చూస్తుంది."

*

ఆ రాత్రి భోజనాల దగ్గర సుహాసిని సిమ్ తీసి తండ్రి ముందు పెట్టింది. నారాయణమూర్తి దాన్ని చాలాసేపు చూశాడు.

"నువ్వేనేటమ్మా తీసింది? డబ్బా పాడయిందనుకున్నాను."

"నాకు ఆ మెసేజ్ వస్తే బాధగా ఉండేది నాన్నా."

"నాకు ఆ మెసేజొస్తే బాగుండీది." అన్నంలో వేలు కదుపుతూ అన్నాడు. "సేలో ఉన్నాడు, పనైపోతే వచ్చీస్తాడు అనిపించీది. నీకు సెప్తే ఏడుస్తావని సెప్పలేదు."

"నేను చెప్తే మీరు బాధపడతారని చెప్పలేదు."

దేముడమ్మ ఇద్దరి కంచాల్లోనూ ఇంకొంచెం అన్నం వేసింది. పైడిరాజు గురించి ఆ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు.

మర్నాడు వేకువన గణపతిరావు గడప దాటలేదు. సుహాసిని ముందురోజే వెళ్ళి ఒక్కరోజు ఆగమని అడిగింది. టీచరు మాట కాదనలేకపోయాడు. పొద్దెక్కాక అతని మోటారు పడింది. చేను చివరి సాలు దాకా నీరు పారింది. అతను పంచె పైకి కట్టి, బురదలోనే అరుగు దాకా వచ్చాడు.

"ఓరబ్బా, రెండో బంతిలోనే వడ్డన బాగున్నాది!"

నారాయణమూర్తి బొబ్బిలి వెళ్ళి డబ్బాకి కొత్త సిమ్ తెచ్చాడు. ఆ నంబరు జాబితా చివర చేరింది. ఆ ఆదివారం దేముడమ్మ త్రినాథ్‌ని భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ కొడుకు వైపు తిరిగింది.

"ఒరే నారాయణా, ఈ గుంటడు మనింటికి ఏ వరసలో వస్తన్నాడో నాకు తెల్లేదు. పైడిరాజు పెట్టిన వరసే ఉంచీమంటావేటి?"

నారాయణమూర్తి కూతురి వైపు చూశాడు. ఆమె పెరుగు గిన్నె మీద మూత సరిచేస్తోంది. అది సరిగ్గానే ఉంది.

"ఆడు పెట్టిన వరస నేను మారుస్తానేటమ్మా," అన్నాడు. "గాని ఏడాది తిరగాల."

భోజనమయ్యాక త్రినాథ్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. సుహాసిని చెంబుతో నీళ్ళు పోసింది.

"టీచరుగారూ, మీకు ఇష్టమేనా? నాయనమ్మ అడిగింది, నాన్నగారు చెప్పారు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు మీరు అడుగుతున్నారు కదా."

"జవాబు?"

"నిమిషం ఆగండి."

అతను నిజంగానే చేతిగడియారం చూశాడు. ఆమె నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ పెరట్లో ఆ నవ్వు వినిపించింది. లోపల దేముడమ్మ తినడం ఆపి చెవి ఒగ్గింది.

"ఇష్టమే," అంది. "ఆశ్వయుజం దాకా ఆగాలి మరి. ఆగగలరా?"

"వరసలో నిలబడతాను."

"ముందువాళ్ళ జుట్టు పీకకుండా?"

"నాకు ముందు ఇంకెవరైనా ఉన్నారేటి?"

"లేరు," అంది ఆమె. "నువ్వొక్కడివే."

ఆ ఏడాది మొక్కజొన్న బాగానే పండింది. గొల్లవలసలో ఇప్పుడెవరూ చీకట్లో మోటారు వెయ్యడానికి వెళ్ళడం లేదు. పాత సిమ్ నారాయణమూర్తి చొక్కా జేబులో ఉంది. కరెంటు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం ముందు పైడిరాజుకి మెసేజ్ పంపుతుంది, నిమిషం ఆగుతుంది, తర్వాత చోటు వదులుతుంది. త్రినాథ్ రెండుసార్లు ఆ పేరు తీసేద్దామని లాప్‌టాప్ తెరిచాడు. సుహాసిని ఒకసారి తీసెయ్యమంది, ఒకసారి వద్దంది. పేరు తీసే పని ఇంకా మిగిలే ఉంది.